గుడ్డు రంగు చూసి జాతి చెప్పేస్తే ఎలా?

సంపాదకుల గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో ముదురు రంగు కోడిగుడ్ల మీద అర పేజీ వ్యాసం వేశారు. ఫొటో బాగుంది, చాక్లెట్ రంగులో నిగనిగలాడే గుడ్లు ఎండుగడ్డి మీద పేర్చి పెట్టారు. కింద రాసిందే బాగాలేదు. పెంకు ఎంత నలుపైతే అంత ఐరన్ అని, ఆ రంగు గుడ్డు పెట్టిందంటే ఆ కోడి వంద శాతం ప్యూర్ అని, పెరట్లో నాలుగు పెట్టల్ని పెట్టుకుంటే నెల తిరిగేసరికి ఇంత ఆదాయం అని. ఆ పేపరు పట్టుకుని మా వీధిలో ముగ్గురు మా ఇంటికి వచ్చారు, పిల్లలుంటే ఇస్తావా అమ్మా అని. అందుకే రాస్తున్నా. కాస్త పెద్దగానే రాస్తాను, చోటు లేకపోతే మీ ఇష్టం వచ్చిన చోట కోసుకోండి గానీ ఐరన్ గురించి రాసిన ముక్క మాత్రం కోయకండి.

ముందు ఆ ముక్కే చెప్పేస్తా. పెంకు రంగుకీ లోపలి సొనకీ సంబంధం లేదు. తెల్ల గుడ్డయినా, గోధుమరంగు గుడ్డయినా, చింతపండు రంగు గుడ్డయినా ఒక యాభై గ్రాముల గుడ్డులో ప్రొటీన్ ఆరు గ్రాములు, ఐరన్ ఒక మిల్లీగ్రాముకి అటూ ఇటూ, అంతే. పచ్చసొన రంగు మేతని బట్టి మారుతుంది. మొక్కజొన్న, ఆకుకూర తింటే ముదురుతుంది, దాణాలో బంతిపూల పొడి కలిపితే ఫారం కోడి సొన కూడా నారింజ రంగుకి తిరుగుతుంది. పెంకు రంగు మాత్రం కోడి పుట్టుకతో తెచ్చుకునేది. గుడ్డు తయారవడానికి దాదాపు ఒక రోజు పడితే అందులో ఇరవై గంటల దాకా పెంకు కట్టడానికే పోతుంది, ఆ ఇరవైలో చివరి కొన్ని గంటల్లో ఈ గోధుమరంగు ఎక్కువగా పై పొరల మీద పూతలాగా పడుతుంది. దాని పేరు ప్రోటోపార్ఫిరిన్. మన రక్తానికి ఎరుపునిచ్చే హీమ్ ఉంది చూడండి, దానికి దగ్గర చుట్టం. దీనికి ఐరన్ తగిలిస్తేనే హీమ్ అవుతుంది, పెంకు మీద ఉన్నదానికి ఐరన్ ఉండదు. అంటే మీ వ్యాసం సరిగ్గా తలకిందులుగా చెప్పింది. పైగా పెంకు ఎవరు తింటారండీ, మా ఇంట్లో అయితే కరివేపాకు మొక్కకి వేస్తాం.

ఇక నా సంగతి. మాది గుంటూరు, నల్లపాడు. మా ఆయన రైల్వేలో చేస్తారు, ఇంటి పక్కన మా మావయ్య గారు ఎప్పుడో కొన్న ఆరు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. చిన్నప్పుడు మా అమ్మమ్మ గంప కింద కోళ్లు మూసిన ఊరి మనిషిని కాబట్టి నాలుగు నాటు పెట్టలు ఎప్పుడూ ఉండేవి. 2022లో ఫోన్‌లో ఒక వీడియో చూశాను, మీ ఫొటో లాంటిదే. మారాన్స్ అంట, ఫ్రాన్స్ కోడి అంట. పొదిగేసే గుడ్లు పక్క రాష్ట్రం నుంచి పార్శిల్ వేస్తామన్నారు. పన్నెండు గుడ్లు, ఒక్కోటి 400 రూపాయలు. మా ఆయనకి 40 అని చెప్పాను, ఇప్పుడు పేపర్లో చదివి తెలుసుకుంటారు. మా నాటు పెట్ట పొదుగుకు కూర్చుంటే దాని కింద పెట్టాను. ఇరవై ఒక్క రోజులకి అయిదు లేచాయి, మిగతావి బస్సు కుదుపులకే పోయాయేమో, లోపల గిలకొట్టినట్టు ఉన్నాయి. అయిదులో రెండు పోయాయి. రెండు పెట్టలు, ఒక పుంజు మిగిలాయి. ఏడో నెలలో మొదటి గుడ్డు పెట్టిన రోజు నేను పొద్దున్నే గూట్లో చెయ్యి పెట్టి తీశాను కదా, పాలు ఎక్కువైన టీ రంగు. మా నాటు పెట్ట గుడ్డు పక్కన పెడితే ఏది 400 రూపాయలదో మా అత్తయ్య చెప్పలేకపోయింది.

అమ్మినాయనకి ఫోన్ చేస్తే, మీ మేత బాగుండలేదు అన్నాడు. తర్వాత నీళ్లు అన్నాడు. తర్వాత ఫోన్ ఎత్తలేదు. ఆ కోపంతోనే చదవడం మొదలుపెట్టాను.

మారాన్స్ అనేది ఒక ఊరి పేరు. ఫ్రాన్స్ పడమటి తీరంలో లా రోషెల్ అనే రేవు పట్టణం దగ్గరుంది, చుట్టూ బురద నేలలు. ఆ ఊరి పేరు ఫ్రెంచ్ వాళ్లు పలికేటప్పుడు చివరి ‘స్’ పలకరు, అంటే మన బజార్లో ‘మరాన్ కోళ్లు’ అని అరిచేవాడే కాస్త దగ్గరగా పలుకుతున్నాడు. ఓడల్లో వచ్చిన పందెం కోళ్లు అక్కడి నాటు కోళ్లతో కలిశాయంటారు, ఆ తర్వాత చైనా నుంచి వచ్చిన లాంగ్‌షాన్ కలిసింది, కాళ్ల మీద ఈకలు అటునుంచే. అక్కడి క్లబ్బు వాళ్లు గుడ్డు రంగుకి 1 నుంచి 9 దాకా అంకెలతో ఒక కార్డు పెట్టుకున్నారు. 4 కంటే తక్కువ రంగు గుడ్డు పెడితే, ఆ కోడి ఎంత అందంగా ఉన్నా మారాన్స్ అని ఒప్పుకోరు. ఈ ఒక్క మాట దగ్గర నాకు కళ్లు తెరుచుకున్నాయి, ఎందుకంటే మన దగ్గర కోడిని చూసి కొంటాం, గుడ్డుని చూసి కొంటాం, ఆ గుడ్డు ఆ కోడిదేనా అని ఎవరూ అడగం.

నేను పట్నం బజారులో పెయింట్ల కొట్టుకి వెళ్లి గోధుమరంగు షేడ్లున్న కార్డు అడిగి తెచ్చుకున్నాను. ఇంటికి ఏం వేయిస్తారమ్మా అని అడిగితే కోడిగుడ్లకి అన్నాను, ఆ కుర్రాడు ఇంకేం మాట్లాడలేదు. ఆ కార్డుని ముక్కలు కోసి నా లెక్కలో తొమ్మిది మెట్లు పెట్టుకున్నాను, కిందిది పాల టీ, మధ్యలో అరిసె, పైన ముదిరిన బెల్లం పాకం, చివరిది పాత చింతపండు. అది ఫ్రెంచ్ కార్డుకి సరిగ్గా సరిపోతుందని అనను, కానీ రోజూ ఒకే కార్డుతో, ఒకే కిటికీ దగ్గర, పొద్దున ఎనిమిదింటికి పోల్చి చూస్తే ఏ పెట్ట ఎటు పోతోందో తెలుస్తుంది. తొమ్మిదింటికి వెలుగు మారితే ఒక మెట్టు తేడా వచ్చేస్తోంది, అదీ రాసిపెట్టుకున్నా.

ఏ గుడ్డు ఏ పెట్టదో తెలుసుకోవడమే అసలు తలనొప్పి. అన్నీ ఒకే గూట్లో పెడతాయి, పక్క గూళ్లు ఖాళీగా ఉన్నా సరే వరస కట్టి నిలబడతాయి, కర్రీ పాయింట్ ముందు జనంలా. మొదట మిఠాయి రంగు వాడాను, రాత్రి పెట్ట గుడ్డు పెట్టే చోట కాస్త రంగు రాస్తే పొద్దున గుడ్డు మీద గీత పడుతుంది. ఒకదానికి ఆకుపచ్చ, ఒకదానికి ఎరుపు. పనిచేసింది గానీ చీర పాడైంది. తర్వాత మా మావయ్య గారు చెక్క పెట్టెకి పైనుంచి పడే తలుపు పెట్టి గూడు చేసిచ్చారు, పెట్ట లోపలికి వెళ్లగానే తలుపు పడుతుంది, మనం వెళ్లి తీసేదాకా లోపలే ఉంటుంది. కాలికి నంబరు రింగు, గుడ్డు మీద పెన్సిల్‌తో నంబరు, తేదీ. మే నెలలో మాత్రం ఈ గూడు పెట్టకండి. మన ఎండలకి అరగంట మరిచిపోయినా పెట్ట చచ్చిపోతుంది, నాకు ఒకటి పోయింది.

ఇప్పుడు మీ ఫొటో దగ్గరికి వస్తా. ఆ గుడ్లు నిజం కావని అనడం లేదు. కానీ ఒకే పెట్ట ఏడాదంతా ఆ రంగు పెట్టదు. కొత్తగా పెట్టడం మొదలెట్టినప్పుడు గుడ్డు చిన్నది, రంగు బాగా ముదురు. పోను పోను గుడ్డు పెద్దదవుతుంది, పూత అంతే ఉంటుంది, పెద్ద గోడకి అదే డబ్బా సున్నం వేసినట్టు పలచబడుతుంది. కొన్ని నెలలు వరసగా పెట్టాక నా నాలుగో నంబరు పెట్ట పాకం రంగు నుంచి అరిసె రంగుకి దిగింది. ఈకలు రాల్చి, రెండు నెలలు విశ్రాంతి తీసుకుని మళ్లీ మొదలెడితే మళ్లీ ముదురు. ఎండ దెబ్బ, బెదురు, జబ్బు, అన్నిటికీ రంగు పోతుంది. కోళ్లకి దగ్గు తెప్పించే ఆ బ్రాంకైటిస్ వైరస్ వచ్చి పోయిందంటే పెంకు పాలిపోయి గరుగ్గా వస్తుంది. మా వీధిలో దీపావళికి టపాసులు కాల్చిన మర్నాడు రెండు గుడ్లు పైన సున్నం దులిపినట్టు తెల్లగా వచ్చాయి, బెదిరి గుడ్డు లోపలే ఆపుకుంటే దాని మీద ఇంకో పొర పడుతుంది. కాబట్టి అమ్మేవాళ్లు చూపించే ఫొటో ఆ పెట్ట జీవితంలో మంచి వారం ఫొటో అయి ఉంటుంది. పెళ్లిచూపుల ఫొటో అనుకోండి.

తడి గుడ్డతో తుడిస్తే రంగు వస్తోందని, టీ డికాషన్‌లో ముంచారని గొడవ పడేవాళ్లు కూడా ఉన్నారు. ముంచి అమ్మేవాళ్లు ఉన్నమాట నిజమే, నేనూ ఒకసారి నాటు గుడ్లని పది తెచ్చుకుంటే ఉడకబెట్టిన నీళ్లు టీ అయ్యాయి. అయితే నిజమైన ముదురు గుడ్డుకి కూడా పూత పైపైనే ఉంటుంది, అప్పుడే పెట్టిన తడి గుడ్డుని వేలితో రుద్దితే మరక పోతుంది, గూట్లో పెట్ట గోరు గీరితే తెల్ల గీత పడుతుంది. పగలగొట్టి చూస్తే లోపలివైపు తెలుపే. నీలం గుడ్డుకి అలా కాదు, దక్షిణ అమెరికా చిలీ వైపు నుంచి వచ్చిన అరౌకానా లాంటి కోళ్లది ఆ రంగు, పెంకు లోపలా బయటా నీలమే. నీలం గుడ్డు కోడికీ గోధుమ గుడ్డు కోడికీ కలిపితే ఆలివ్ పచ్చ రంగు గుడ్డు వస్తుంది, నీలం పెంకు మీద గోధుమ పూత పడి. అది చూడ్డానికి బాగుంటుంది, పిల్లలకి సరదా. కానీ దాన్నీ ‘అరుదైన ప్యూర్ జాతి’ అని అమ్ముతుంటే ఎవరికి చెప్పుకోవాలి? సంకరం చేస్తేనే అది వస్తుంది.

నేను మోసపోయింది గుడ్డు దగ్గర అయినా, నేర్చుకుంది పుంజు దగ్గర. పుంజు గుడ్డు పెట్టదు. కానీ కూతురు పెట్టే గుడ్డు రంగులో సగం వాటా వాడిది. మొదటి బ్యాచ్ తర్వాత కర్ణాటక నుంచి ఒక పెద్దమనిషి దగ్గర, ఆయన కోళ్ల లెక్కలు రాసుకున్న పుస్తకం చూసి మరీ, మూడు పెట్టలు రెండు పుంజులు తెచ్చుకున్నాను. ఒక పుంజు ఎంత అందగాడంటే, మెడ మీద జూలు కొత్త రాగి బిందెలా మెరిసేది, ఒళ్లంతా నలుపు, కళ్లు నారింజ, కాళ్ల పక్కన ఈకలు కొలిచి పెట్టినట్టు. రెండోవాడు మామూలు, తోకలో ఒక తెల్ల ఈక, జూలు రంగు మసగ్గా. అందరూ అందగాడినే చూసేవాళ్లు. ఇద్దరికీ వేరు వేరుగా పెట్టల్ని కట్టి, పిల్లలు తీసి, అవి పెరిగి గుడ్డు పెట్టేదాకా ఆగాను. అంటే పొదుగుకి మూడు వారాలు, పెరగడానికి ఆరేడు నెలలు, రంగు కుదురుగా తెలియడానికి ఇంకో రెండు నెలలు, దాదాపు ఏడాది. అందగాడి కూతుళ్లు ఆరుగురిలో నాలుగు టీ రంగు. మామూలువాడి కూతుళ్లు అయిదుగురిలో నలుగురు పాకం దాటారు. మా ఆయన, అందగాడిని సంక్రాంతికి కూర చేసేద్దాం అన్నారు, చేశాం కూడా. తర్వాత ఏడ్చాను. ఎందుకంటే అది తప్పు నిర్ణయం.

ఎలాగంటే, గోధుమరంగు ఒక్క జన్యువు చేతిలో లేదు, చాలా కలిసి పనిచేస్తాయి, తెల్ల గుడ్డు కోడితో కలిపితే మధ్యరకం వస్తుంది, ఆ మధ్యరకాన్ని మళ్లీ వాటిలో వాటికి కలిపితే అన్ని రకాలూ వస్తాయి. అలాగే జూలు రంగు, కాలి ఈక, తురాయి ఆకారం, బరువు, ఇవన్నీ విడివిడిగా నడుస్తాయి. మారాన్స్ పుంజు మూడున్నర నుంచి నాలుగు కిలోలు తూగాలి, తురాయి ఒంటిది, రంపం పళ్లలా నిలబడాలి. మామూలువాడిని ఒక్కడినే పెట్టుకుని రంగు వెంట పరిగెత్తితే రెండో తరానికి నా కోళ్లు సన్నబడ్డాయి, కాళ్ల ఈకలు పోయాయి, సగం పిల్లలకి తోకలో తెలుపు. గుడ్డు చింతపండు, కోడి మాత్రం ఏ జాతో చెప్పలేం. అందగాడిని ఉంచుకుని మామూలువాడి ముదురు గుడ్డు కూతురికి కట్టి ఉంటే రెండూ ఒక దగ్గరికి చేరేవి. కూర తినేశాక తెలిసింది.

దీనికి విరుద్ధంగా జరిగింది కూడా ఉంది. హాలండ్‌లో బార్నెవెల్డ్ అనే ఊరి కోడి, బార్నెవెల్డర్, ఒకప్పుడు ముదురు గుడ్డుకే పేరు. దాని ఈక మీద రెండు నల్ల అంచులు గీసినట్టు ఉంటాయి, ప్రదర్శనల్లో ఆ గీతల కోసమే ఎంచి ఎంచి పెంచారు, గుడ్డు రంగు తగ్గుతూ వచ్చింది. ఆ దేశానిదే వెల్సమర్, వెల్సుమ్ ఊరిది, మట్టి కుండ రంగు గుడ్డు మీద ముదురు చుక్కలు. అమెరికా వాళ్ల పౌల్ట్రీ సంఘం 1873లో పుట్టి, మరుసటి ఏడాదే జాతుల లక్షణాల పుస్తకం వేసింది, బ్రిటన్‌లో అంతకు ముందే 1865లో వచ్చింది. అంత పాత సంఘం కూడా నల్ల రాగి రంగు మారాన్స్‌ని తన పుస్తకంలోకి ఎక్కించింది 2011లో. ఆ రంగు కోడి అన్ని దశాబ్దాలు బయట ఆగింది. మన దగ్గర వీడియో పెట్టిన మర్నాడు జాతి అయిపోతుంది. బ్రిటన్ వాళ్ల మారాన్స్‌కి కాళ్లు నున్నగా ఉంటాయి, ఫ్రాన్స్ వాళ్లకి ఈకలు ఉండాలి, అంటే ఒక పేరు మీదే రెండు దేశాలకి రెండు కొలతలు. అందుకే ‘ప్యూర్’ అంటే నేను మొదట అడిగేది, ఎవరి పుస్తకం ప్రకారం అని.

ఈకల కాళ్లు మన గుంటూరు నల్లరేగడిలో ఎలా ఉంటాయో అమ్మేవాళ్లు ఎవరూ చెప్పరు. జులైలో ఒక వాన పడిందంటే ఒక్కో కాలికి పావుకిలో మట్టి ముద్ద, ఎండాక రాయి. కూర్చుని గోరువెచ్చటి నీళ్లతో నానబెట్టి తీయాలి. ఆ ఈకల కింద పొలుసుల్లో పురుగు పడితే బయటికి కనపడదు. ఆ కోళ్లకి ఇసుక పోసి, తాటాకు పందిరి వేసి, మే నెలంతా గోనెలు తడిపి కట్టాను. చల్లటి దేశం కోడి, ఎండకి నోరు తెరుచుకుని రొప్పితే పెంకు కూడా పలచబడుతుంది, నత్తగుల్లల పొడి వేసినా అంతే. నలుపు మీద మోజుతో కొనే ముందు మన ఎండ కూడా గుర్తు పెట్టుకోండని మా వీధి వాళ్లకి చెప్పాను.

ఒక చిన్న గొడవ కూడా చెప్తా. పక్కింటి వాళ్ల నాటు పుంజు గోడ దూకి నా పెట్టల్లో పడింది. వాళ్లు వచ్చి, మా పుంజు వల్ల మీ గుడ్లు తెల్లబడతాయా వదినా అని భయంగా అడిగారు. తెల్లబడవు. పెట్ట పెట్టే గుడ్డు రంగు పెట్టదే, ఏ పుంజు తొక్కినా మారదు. కానీ ఆ పుంజు బీజం పెట్ట కడుపులో రెండు మూడు వారాలు బతికే ఉంటుంది, కాబట్టి ఆ గుడ్లు పొదిగేయకూడదు, అట్టు వేసుకోవాలి. మూడు వారాలు మా ఇంట్లో రోజూ ఆమ్లెట్. ఇదే విషయం అమ్మేవాళ్లని అడిగి చూడండి, పుంజు మార్చాక ఎన్నాళ్లు ఆగి గుడ్లు తీశారు అని, ముఖం చూస్తే తెలిసిపోతుంది.

కడక్‌నాథ్ గుడ్డు నల్లగా ఉంటుందని రాసిన వాక్యం కూడా తప్పు. ఆ కోడి మధ్యప్రదేశ్ ఝాబువా వైపుది, ఆ మాంసానికి 2018లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చర్మం నలుపు, మాంసం నలుపు, ఎముక దాకా నలుపు, గుడ్డు మాత్రం లేత గోధుమ. చర్మాన్ని నలుపు చేసే మెలనిన్ వేరు, పెంకు మీద పడే రంగు వేరు. నల్ల గుడ్డు అని ఎవరైనా వంద రూపాయలకి అమ్మితే అది రంగే.

మరి మన కోళ్ల సంగతేంటి? ఇది రాయాలనే అసలు కలం పట్టాను, మధ్యలో ఫ్రాన్స్ దాకా వెళ్లిపోయాను. పల్నాటి యుద్ధానికి కోడిపందెం కారణమని చెప్పుకునే నేల మనది. పందేల్ని నేను సమర్థించడం లేదు, 1960 నాటి జంతు హింస చట్టం ఉంది, కత్తి కట్టడం నాకు చూడబుద్ధి కాదు. కానీ ఆ మాటల సంపద చూడండి, డేగ, కాకి, సేతువ, నెమలి, పర్ల, కౌజు, మైల. ఎరుపు, నలుపు, తెలుపు, వాటి మీద ఏ రంగు ఎక్కడ కలిసింది, అన్నీ ఒక్క మాటలో చెప్పేస్తారు. ఇంత కన్ను ఉన్నవాళ్లం, మరి ఇవి జాతులా? కాదు, ఈక రంగులు. ఒక్క తల్లి కింద డేగా పుడుతుంది, కాకీ పుడుతుంది. జాతి అసీల్. కర్నాల్‌లో ఉన్న జాతీయ సంస్థ నమోదు చేసిన కోళ్ల జాతుల్లో అసీల్‌కి ఆంధ్రప్రదేశ్ పేరుంది, ఘాగస్‌కి ఉంది, కాళహస్తి కోడికి ఉంది. కాళహస్తి పేరుతో ఒక కోడి జాతి ఉందని గుంటూరులో ఎంతమందికి తెలుసో మీరే ఎవరినైనా అడగండి.

పైగా ఆ పేర్లన్నీ పుంజులవే. పెట్టకి పేరేది? తెలిసిన పెద్దవాళ్లు మాత్రం పుంజుని కొనేటప్పుడు ముందు తల్లి ఎవరని అడుగుతారు, అది నేను విన్నాను, కానీ ఎక్కడా రాసి ఉంచరు. నా దగ్గరున్న అసీల్ పెట్ట పోయిన ఏడాది 36 గుడ్లు పెట్టింది, లేత మీగడ రంగు నుంచి లేత గోధుమ దాకా. దాని పక్కన పెరిగిన గ్రామప్రియ, అది హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకానికి తయారు చేసిన రకం, దానికి అయిదింతలు పెట్టి ఉంటుంది. గుడ్ల కోసమైతే అదే పెంచుకోండి, దాన్ని జాతి కోడి అని మాత్రం అమ్మకండి, దాని పిల్లల్ని మళ్లీ పెంచితే అదే లెక్క రాదు. రెండిటికీ పని వేరు.

ఇదే గుంటూరులో ఒంగోలు పశువుల మీద పనిచేసే లాం ఫారం ఉంది. ఒంగోలు గిత్తకి మూపురం ఎలా ఉండాలి, గంగడోలు ఎంత వేలాడాలి, కొమ్ములు ఎంత పొట్టిగా ఉండాలి, మోకాలి దగ్గర నల్లమచ్చ ఎక్కడుండాలి, మన రైతుకి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆ పశువుల్ని బ్రెజిల్ వాళ్లు తీసుకెళ్లి నెలోర్ అని పేరు పెట్టి పుస్తకం రాసుకుని మందలు పెంచుకున్నారు. ఎద్దు దగ్గర ఉన్న ఆ పట్టింపు కోడి దగ్గరికి వచ్చేసరికి ఏమవుతుందో నాకు అర్థం కాదు, కోడి చిన్నదనా, ఆడవాళ్ల పనని లోకువా? గన్నవరంలో పశువైద్య కళాశాల ఉంది. సంక్రాంతికి మూడు రోజులు ఊళ్లకి ఊళ్లు కోళ్ల చుట్టూ తిరుగుతాయి కదా, అదే వారంలో కత్తి లేకుండా ఒక్క రోజు గుంటూరులోనో విజయవాడలోనో ప్రదర్శన పెట్టమని అడుగుతున్నాను, పుంజుతో పాటు తల్లిని, చెల్లెళ్లని తెచ్చినవాళ్లకే ప్రవేశం. గుడ్లకి వేరే పోటీ. బయటి దేశాల్లో పళ్లెంలో ఆరు గుడ్లు పెడతారు, ఆరూ ఒకే రంగు, ఒకే ఆకారం, ఒకే సైజు ఉండాలి, పెంకు నునుపు చూస్తారు. ఒకటి పగలగొట్టి లోపల కూడా చూసే పోటీలున్నాయి. ముదురు ఒకటి, లేత ఒకటి తెస్తే బహుమతి రాదు. ఆరు గుడ్లు ఒక్కలా తేవడం ఎంత కష్టమో తెస్తేనే తెలుస్తుంది, నేను ఇంట్లో ప్రయత్నిస్తే అయిదు దగ్గర ఆగిపోయాను.

ఇంకొకటి, ఇది కాస్త గట్టిగానే చెప్పాలి. విదేశం నుంచి గుడ్లు సంచిలో వేసుకొచ్చాం, అందుకే ప్యూర్ అని గొప్పగా చెప్పుకునేవాళ్లున్నారు. పశుపక్ష్యాదుల దిగుమతి మీద 1898 నుంచి చట్టం ఉంది, అనుమతి లేకుండా పొదిగేసే గుడ్లు తేకూడదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు ఫారాల వాళ్లు కోళ్లని గోతుల్లో పూడ్చిపెట్టడం చూశాం. నా పెరట్లో ఉన్న నలభై కోళ్ల కోసం నెల రోజులు గేటు దగ్గర సున్నం చల్లుకుని, చుట్టాలని కూడా రానివ్వలేదు. సంచిలో గుడ్డుతో పాటు ఏం వస్తుందో తేవాలనుకునేవాళ్లు ఆలోచించాలి.

మా వీధి ముగ్గురికీ పిల్లలు ఇవ్వలేదు. నా కోళ్లు ఇంకా జాతి అనిపించుకోలేదు, మూడు తరాలకి రంగు కుదిరింది గానీ కాళ్ల ఈక సగం పిల్లల్లోనే వస్తోంది, తోకలో తెలుపు ఇంకా తొంగి చూస్తోంది. కొత్త రక్తం కోసం బాపట్ల దగ్గర ఒకాయనతో పుంజు మార్పిడి చేసుకున్నాను, అన్నాచెల్లెళ్లని కలుపుతూ పోతే పొదుగులో లేచే పిల్లలు తగ్గిపోతున్నాయి కాబట్టి. పిల్లలకి బదులుగా ఆ ముగ్గురికీ నా పుస్తకం చూపించి, కొనేటప్పుడు ఆ అమ్మేవాళ్ల పుస్తకం చూడమన్నాను. ఏ పెట్ట, ఏ పుంజు, ఎన్ని గుడ్లు, మొదటి నెలలో ఏ రంగు, ఆరో నెలలో ఏ రంగు, కూతుళ్లు ఏం పెడుతున్నాయి. పుస్తకం లేదంటే, అది గుడ్డు రేటుకే తీసుకోండి, గుడ్ల ధర ప్రకటించే సంఘం, నెక్ వాళ్లు రోజూ చెప్పే విజయవాడ రేటుకి.

ఈ ఉత్తరంతో పాటు మిఠాయి డబ్బాలో దూదిలో చుట్టి రెండు ఖాళీ పెంకులు పంపుతున్నాను, సూదితో బెజ్జం చేసి సొన ఊదేసినవే, వాసన రావు. రెండూ నాలుగో నంబరు పెట్టవే. ఒకటి నవంబరులో పెట్టింది, రెండోది ఏప్రిల్ చివర పెట్టింది, తేదీలు పెన్సిల్‌తో వాటి మీదే ఉన్నాయి. ఈసారి ఆ అనుబంధంలో కోడిగుడ్ల ఫొటో వేయాల్సొస్తే ఈ రెండూ పక్కపక్కన పెట్టి తీయించండి. డబ్బా మాత్రం తిరిగి పంపండి, మా అత్తయ్యది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
నల్లపాడు, గుంటూరు